ఎల్.డి.50 కొలవలేని ప్రమాదం: సల్ఫ్యూరిక్ ఆమ్లం భౌతిక, ఆరోగ్య ప్రమాదాల వర్గీకరణ

వ్యవసాయ విద్యార్థికి రసాయనాల ప్రమాదాన్ని గురించిన తొలి పాఠం పురుగుమందు డబ్బా మీది రంగుల త్రికోణంతో మొదలవుతుంది. 1971 నాటి కీటకనాశినుల నియమాల ప్రకారం, నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎల్.డి.50 విలువ కిలో శరీర బరువుకు 1 నుంచి 50 మి.గ్రా. వరకు ఉన్న మందుకు ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, అంతకు మించితే ఆకుపచ్చ త్రికోణం వేస్తారు. రైతుకు సులభంగా బోధపడే ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరమైనది. అయితే ప్రతి రసాయనాన్నీ ఇదే కొలబద్దతో చూసే అలవాటు మనకు తెలియకుండానే ఏర్పడుతున్నది.

సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఈ కొలబద్ద పక్కన నిలిపి చూద్దాం. ఎలుకలలో నోటి ద్వారా దీని ఎల్.డి.50 విలువగా సాధారణంగా ఉదహరించేది కిలోకు 2140 మి.గ్రా. ఆ అంకె ప్రకారం దీనికి దక్కేది నీలి త్రికోణం, అంటే మలాథియాన్ సరసన చోటు. కాని మలాథియాన్ చుక్క చర్మం మీద పడితే కడుక్కోవడానికి వ్యవధి ఉంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కంట్లో పడితే క్షణాల్లో చూపు పోవచ్చు. అంకె తప్పు కాదు. ఆ అంకె వేరొక ప్రశ్నకు సమాధానం. శరీరంలోకి ప్రవేశించి, రక్తంలో కలిసి ప్రాణం తీసే శక్తిని ఎల్.డి.50 కొలుస్తుంది. తాకిన చోటనే కణజాలాన్ని నాశనం చేసే శక్తిని అది కొలవదు. ఆ రెండవ శక్తినే క్షయకారకత అంటాం. విస్తరణ సేవలలో మనం తరచుగా సిఫారసు చేసే పనుల్లో ఈ గుణమున్న రసాయనాలు ఉన్నాయి గనుక వాటి వర్గీకరణను క్రమపద్ధతిలో తెలుసుకోవడం అవసరం.

ఒకే పేరు, వేర్వేరు ద్రావణాలు

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలలోనూ పోటీ పరీక్షలకు చదివే వ్యవసాయ పట్టభద్రులు అనేకులు. వ్యవసాయ అధికారి, విస్తరణ అధికారి పరీక్షల కోసం త్రికోణాల రంగులను, ఎల్.డి.50 అవధులను వారు కంఠస్థం చేస్తారు. వారు నివసించే వసతి గృహాలలోనే క్షయకారక ద్రావణాలు కనీసం రెండు ఉంటాయి. ఒకటి స్నానాల గది కడిగే ‘యాసిడ్’. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రెండవది మెట్ల కింద ఉండే ఇన్వర్టర్ బ్యాటరీలోని ఆమ్లం. అది సుమారు మూడో వంతు గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లం. సమీపంలోని నారాయణగూడలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి, ఆహారాన్ని, నీటిని పరీక్షించే సంస్థలకైనా, మన భూసార పరీక్షా కేంద్రాలకైనా గాఢ ఆమ్లాలు లేనిదే పని జరగదు.

ఈ ద్రావణాలన్నిటికీ వాడుక భాషలో ఉన్నది ఒకే మాట: యాసిడ్. పాత తెలుగు పాఠ్యపుస్తకాలు గంధకికామ్లం, ఉదజహరికామ్లం అని వేరు చేసి చెప్పేవి. నేడు ఆ మాటలు పరీక్ష పత్రాలలో కూడా అరుదు. పేరు ఒకటే కావడంతో ప్రమాదం కూడా ఒకటేనని, లేదా ‘ఇది పలచనిదిలే’ అని జనం భావిస్తారు. ఇన్వర్టర్‌లో పోసే శుద్ధజలం, బ్యాటరీ ఆమ్లం ఒకే ఆకారపు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలలో పక్కపక్కన ఉంటే ఈ పొరపాటు ఎంత సులభమో ఊహించవచ్చు. వర్గీకరణ మొదట చేసే మేలు ఇదే: పేరును పక్కన పెట్టి, ఏ పదార్థం, ఎంత గాఢతలో, ఏ రూపంలో, ఏ మార్గంలో హాని చేస్తుందని అడగడం.

వర్గీకరణకు మూలసూత్రం

రసాయనాల వర్గీకరణ, లేబులింగ్‌లకు ప్రపంచ సమన్వయ విధానాన్ని ఐక్యరాజ్యసమితి 2003లో తొలిసారి ప్రచురించింది. దీనినే జీహెచ్ఎస్ అంటున్నారు. ఇది ప్రమాదాలను భౌతిక, ఆరోగ్య, పర్యావరణ ప్రమాదాలుగా విభజిస్తుంది. ఒక్కో వర్గానికి విడివిడి ప్రమాణాలు ఉంటాయి. ఒకే రసాయనం ఒకేసారి అనేక వర్గాలలోకి రావచ్చు. ఒక దానిలో తీవ్రమైనది మరొక దానిలో లెక్కకు రాకపోవచ్చు.

ఇక్కడ ప్రమాద గుణం, ముప్పు అనే రెండు భావనలను విడదీసి చూడాలి. ప్రమాద గుణం పదార్థపు స్వభావం. సీసా బీరువాలో తాళం వేసి ఉన్నా ఆ గుణం మారదు. ముప్పు అనేది ఆ గుణానికి మనిషి ఎంతగా, ఎంతసేపు గురి అవుతాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. వర్గీకరణ మొదటిదాన్ని నిర్ణయిస్తుంది. రెండవదాన్ని తగ్గించడం పని జరిగే చోట మన చేతిలో ఉన్నది.

భౌతిక ప్రమాదాలు

సల్ఫ్యూరిక్ ఆమ్లం మండదు. గాఢ ఆమ్లం సాంద్రత సుమారు 1.84, మరిగే ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్‌కు పైన. మండే గుణం ప్రమాణంగా చూస్తే ఇది నిరపాయకరం. అయినా దీనికి మూడు ముఖ్యమైన భౌతిక ప్రమాదాలున్నాయి.

మొదటిది లోహ క్షయం. జీహెచ్ఎస్ ప్రకారం 55 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉక్కును గాని, అల్యూమినియాన్ని గాని ఏడాదికి 6.25 మి.మీ. కంటే ఎక్కువ వేగంతో తినివేసే పదార్థం ‘లోహాలకు క్షయకారకం’. దీని ప్రమాద వాక్యం సంఖ్య హెచ్ 290. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటుంది. 93 నుంచి 98 శాతం గాఢత గల ఆమ్లాన్ని సాధారణ ఉష్ణోగ్రత వద్ద మామూలు ఉక్కు ట్యాంకుల్లోనే నిల్వ చేస్తారు. ఉక్కు ఉపరితలం మీద ఏర్పడే ఐరన్ సల్ఫేట్ పొర దానికి రక్షణ ఇస్తుంది. గాఢత బాగా తగ్గితే ఆ పొర నిలవదు. పలచని ఆమ్లం ఉక్కును వేగంగా తింటూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. నీరు కలిపితే ప్రమాదం తగ్గుతుందన్న సామాన్య భావన ఇక్కడ తలకిందులవుతుంది.

దీని నుంచే ‘ఖాళీ డబ్బా’ ప్రమాదం పుడుతుంది. ఇనుప పీపాలో అడుగున మిగిలిన ఆమ్లం గాలిలోని తేమను పీల్చుకుని పలచబడుతుంది. లోహంతో చర్య జరిగి పీపాలో హైడ్రోజన్ నిండుతుంది. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఏ పాళ్ళలో ఉన్నా హైడ్రోజన్ మండుతుంది. అటువంటి పీపాను నీటి తొట్టిగా మార్చుకోవాలని వెల్డింగ్ దుకాణానికి తీసుకుపోతే పేలుడు సంభవించవచ్చు. మండని ద్రవం వల్ల కలిగే అగ్నిప్రమాదమిది.

రెండవది నీటితో వెలువడే ఉష్ణం. ఒక మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం అధిక పరిమాణంలో ఉన్న నీటిలో కలిసినప్పుడు సుమారు 95 కిలోజౌళ్ళ ఉష్ణం వెలువడుతుంది. నీరు ఆమ్లం కంటే తేలిక. గాఢ ఆమ్లంలో నీరు పోస్తే అది పైభాగానే ఉండిపోయి, ఆ ఉష్ణానికి మరిగి, ఆమ్లాన్ని వెంట తీసుకుని ముఖం మీదికి చిమ్ముతుంది. ఆమ్లాన్ని నీటిలో పోస్తే అది కిందికి దిగుతూ, వేడిని నీటి రాశి అంతటికీ పంచుతుంది. ‘నీటిలోకి ఆమ్లం, నెమ్మదిగా, కలుపుతూ’ అన్న నియమానికి శాస్త్రీయ కారణం ఇదే.

మూడవది నిర్జలీకరణ శక్తి. చెక్క, కాగితం, నూలు గుడ్డ వంటి సెల్యులోజ్ పదార్థాల నుంచి గాఢ ఆమ్లం నీటి మూలకాలను లాగివేసి బొగ్గుగా మారుస్తుంది. కనుక ఒలికిన గాఢ ఆమ్లాన్ని రంపపు పొట్టుతోను, గోనె గుడ్డతోను అద్దరాదు. పొడి ఇసుక వాడి, పిమ్మట సున్నంతో తటస్థీకరించాలి.

ఆరోగ్య ప్రమాదాలు

చర్మ క్షయకారకతకు జీహెచ్ఎస్ కాలాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. చర్మాన్ని కోలుకోలేని విధంగా నాశనం చేయడానికి 3 నిమిషాలు లేదా అంతకంటే తక్కువ స్పర్శ చాలితే 1ఎ ఉపవర్గం; 3 నిమిషాలకు మించి ఒక గంట వరకు అవసరమైతే 1బి; గంటకు మించి 4 గంటల వరకు అవసరమైతే 1సి. నష్టం కోలుకోదగినదైతే అది 2వ వర్గం, అంటే ప్రకోపకం. ఇతర సమాచారం లేనప్పుడు ఉదజని సూచిక 2 లేదా అంతకంటే తక్కువ, లేదా 11.5 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ద్రావణాన్ని క్షయకారకంగా అనుమానించాలి. మొదటి వర్గపు ప్రమాద వాక్యం హెచ్ 314: చర్మానికి తీవ్రమైన కాలుడు, కంటికి నష్టం కలిగిస్తుంది. చర్మాన్ని తినే పదార్థం కంటిని తప్పక తింటుంది కనుక కంటికి విడిగా పరీక్ష అవసరం లేదు.

గాఢతను బట్టి వర్గం ఎలా మారుతుందో ఐరోపా సమాఖ్య 1272/2008 నిబంధనలోని అవధులు స్పష్టం చేస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం 15 శాతం, ఆ పైన ఉంటే 1ఎ. 5 నుంచి 15 శాతం లోపు ప్రకోపకం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25 శాతం, ఆ పైన 1బి. 10 నుంచి 25 శాతం లోపు ప్రకోపకం. ఫాస్ఫారిక్ ఆమ్లానికీ ఇవే అవధులు. సోడియం హైడ్రాక్సైడ్‌కు అవధి మరింత తక్కువ: 5 శాతం నుంచే 1ఎ, 2 నుంచి 5 శాతం లోపు 1బి.

ఈ అంకెలను ముందు చెప్పిన సీసాలకు అన్వయిద్దాం. లేబుల్‌తో అమ్మే మరుగుదొడ్డి ద్రావణాలలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 శాతం ప్రాంతంలో ఉండడం సాధారణం. అది ప్రకోపక అవధి అంచున ఉన్నది. విడిగా పోసి అమ్మే వాణిజ్య ఆమ్లం 30 శాతం దాటితే నేరుగా 1బి వర్గం. ‘పలచనిది’గా భావించే బ్యాటరీ ఆమ్లం 15 శాతానికి రెండు రెట్లు మించి ఉన్నది, ప్రయోగశాలలోని 98 శాతం ఆమ్లంతో పాటు అదీ 1ఎ వర్గమే. రవాణాలో గాఢ ఆమ్లానికి యు.ఎన్. 1830, 51 శాతం మించని ఆమ్లానికి, బ్యాటరీ ద్రవానికి యు.ఎన్. 2796 అని సంఖ్యలు వేరైనా, రెండూ 8వ తరగతికి చెందిన క్షయకారకాలే.

క్షారాల అవధి తక్కువగా ఉండడం ఆశ్చర్యం కలిగించవచ్చు. ఆమ్లం చర్మంలోని ప్రోటీన్లను గడ్డకట్టించి పొక్కు వంటి పొరను ఏర్పరుస్తుంది. అది కొంతవరకు లోతుకు పోకుండా అడ్డుపడుతుంది. క్షారం కొవ్వును, ప్రోటీన్లను కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. నొప్పి కూడా వెంటనే తెలియకపోవచ్చు. జెల్డాల్ పద్ధతిలో నత్రజని అంచనా వేసే విద్యార్థి ఆమ్లం ముందు చూపే జాగ్రత్తను 40 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ముందు కూడా చూపాలి.

శ్వాస మార్గంలో రెండు ఆమ్లాలూ భిన్నంగా ప్రవర్తిస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గది ఉష్ణోగ్రతలోనే ఆవిరి వదులుతుంది. ముక్కు, గొంతు వెంటనే హెచ్చరిస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆవిరి పీడనం చాలా తక్కువ, వాసన లేదు. వేడి చేసినప్పుడు, చిమ్మినప్పుడు, బ్యాటరీలను ఛార్జి చేసినప్పుడు అది సూక్ష్మ తుంపరగా గాలిలో చేరుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కూడిన బలమైన అకర్బన ఆమ్లాల తుంపరకు వృత్తిరీత్యా గురి కావడం మానవులలో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లో మొదటి సమూహంలో చేర్చింది. స్వరపేటిక క్యాన్సర్‌కు సంబంధించిన ఆధారాలు అందులో ప్రధానమైనవి. ఈ వర్గీకరణ తుంపరకు, దీర్ఘకాలిక స్పర్శకు సంబంధించినదే తప్ప సీసాలోని ద్రవానికి కాదు. ఒకే పదార్థం రూపం మారితే ప్రమాదపు తెగ మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పత్తి గింజల శుద్ధిలో ఆమ్లం

మన క్షేత్రాలలో గాఢ ఆమ్లం నేరుగా చేతికి వచ్చే సందర్భం నూగు పత్తి గింజల శుద్ధి. సంకర విత్తనం నూగు తీసిన స్థితిలోనే సంచులలో వస్తున్నది గాని, సూటి రకాల విత్తనాన్ని సొంతంగా తయారు చేసుకునే చోట, పరిశోధన కేంద్రాలలో ఈ పని నేటికీ అవసరమే. కిలో గింజలకు సుమారు 100 మి.లీ. వాణిజ్య గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, రెండు మూడు నిమిషాలు కలియబెట్టి, గింజ కాఫీ రంగుకు మారగానే నాలుగైదు సార్లు నీటితో కడగడం సిఫారసు.

ఈ సిఫారసును వర్గీకరణ దృష్టితో మళ్ళీ చదవాలి. 100 మి.లీ. ఆమ్లం బరువు 184 గ్రాములు. క్వింటాలు గింజలకు 10 లీటర్లు, అంటే 18.4 కిలోలు. నూగును కాల్చడానికి పట్టే రెండు మూడు నిమిషాలు, 1ఎ వర్గపు 3 నిమిషాల అవధి దాదాపు సమానం. నూగు, రైతు కట్టుకున్న నూలు పంచె రెండూ సెల్యులోజే. గింజ మీద జరిగే చర్యే బట్ట మీద, చర్మం మీద కూడా జరుగుతుంది. కనుక ఇక్కడ రక్షణ పరికరాలు సిఫారసు చివర చేర్చే అనుబంధం కావు. ఆమ్లం మోతాదుతో సమాన స్థాయిలో చెప్పవలసిన భాగం.

పాత్ర ప్లాస్టిక్‌ది కావాలి. జింకు పూత బకెట్టు, అల్యూమినియం గిన్నె వాడరాదు. కారణం హెచ్ 290. పలచని నైట్రైల్ చేతి తొడుగులు గాఢ ఆమ్లానికి ఎక్కువసేపు ఆగవు. మందమైన నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు తొడుగులు, ముఖ కవచం, రబ్బరు ముందుగుడ్డ, బూట్లు అవసరం. కడిగే దశలో ఆమ్లం అంటిన గింజలపై చెంబుతో కొద్దికొద్దిగా నీరు చిలకరించకూడదు. గింజలనే నీరు నిండిన పెద్ద తొట్టిలోకి వదలాలి. కడిగిన నీటిని కాలువలోకి వదిలే ముందు సున్నంతో తటస్థీకరించాలి. 98 భాగాల ఆమ్లానికి 74 భాగాల తడిసున్నం కావాలి. ఆ లెక్కన క్వింటాలు గింజలకు వాడిన ఆమ్లమంతటినీ తటస్థీకరించడానికి 13 నుంచి 14 కిలోల సున్నం సిద్ధంగా ఉండాలి.

ప్రయోగశాలలో, డ్రిప్ తోటలో

సేంద్రియ కర్బనాన్ని అంచనా వేసే వాక్లీ–బ్లాక్ పద్ధతిలో 10 మి.లీ. పొటాషియం డైక్రోమేట్ ద్రావణానికి 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతాం. వెలువడే ఉష్ణంతోనే కర్బనం ఆక్సీకరణం చెందుతుంది; బయటి నుంచి వేడి చేయనవసరం లేదు. ప్రమాదంగా చూసిన గుణమే ఇక్కడ పద్ధతికి ఆధారం. అయితే ఆ ఫ్లాస్కులో ఇప్పుడు క్షయకారకంతో పాటు బలమైన ఆక్సీకరణి, క్యాన్సర్ కారకమైన ఆరు సంయోజకత గల క్రోమియం కూడా ఉన్నాయి. మిశ్రమాన్ని దాని భాగాల ప్రమాదాలన్నిటితో కలిపి వర్గీకరించాలన్న సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకంతో ఇటువంటి పరీక్షల సంఖ్య బాగా పెరిగిన దృష్ట్యా, ఈ వ్యర్థ ద్రావణాన్ని విడిగా సేకరించడం ప్రయోగశాల నిత్యకృత్యం కావాలి.

డ్రిప్ పైపులలో పేరుకున్న లవణాలను కరిగించడానికి రైతులు వాణిజ్య హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడుతున్నారు. చివరి డ్రిప్పర్ వద్ద నీటి ఉదజని సూచిక సుమారు 4కు వచ్చే వరకు ఆమ్లం ఎక్కించి, కొంతకాలం నిలవ ఉంచి, తర్వాత శుభ్రమైన నీరు పారించాలి. పైపులో పారే నీరు అప్పటికి క్షయకారకం కాదు. రైతు చేతిలోని డబ్బా మాత్రం 1బి వర్గం. నాచు నివారణకు వాడే బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో ఈ ఆమ్లం కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కనుక రెండు చికిత్సలను ఒకే రోజు చేయించరాదు. రెండు డబ్బాలను ఒకే మూలన ఉంచరాదు.

చట్టపరమైన బాధ్యత

1985 డిసెంబరు 4న ఢిల్లీలోని ఒక కర్మాగార సముదాయం నుంచి ఓలియం వాయువు లీకయింది. ఓలియం అంటే సల్ఫర్ ట్రైఆక్సైడ్ కరిగి ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఆ ఉదంతంపై ఎం.సి. మెహతా కేసులో సర్వోన్నత న్యాయస్థానం, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారికి మినహాయింపులు లేని సంపూర్ణ బాధ్యత ఉంటుందన్న సూత్రాన్ని ప్రతిపాదించింది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలలో 17వది భద్రతా సమాచార పత్రాన్ని, పాత్రలపై లేబుళ్ళను తప్పనిసరి చేసింది.

2013 జూలై 18న సర్వోన్నత న్యాయస్థానం ఆమ్లం చిల్లర అమ్మకాలపై ఆంక్షలు విధించింది. కొనుగోలుదారు గుర్తింపు పత్రం, చిరునామా, కొనుగోలు కారణం నమోదు చేయనిదే అమ్మరాదని, 18 ఏళ్ళలోపు వారికి అమ్మరాదని ఆదేశించింది. విద్యాసంస్థలు, పరిశోధన ప్రయోగశాలలు కూడా ఆమ్లం వాడకానికి ప్రత్యేక రిజిస్టరు నిర్వహించాలని, నిల్వకు ఒక వ్యక్తిని బాధ్యునిగా నియమించాలని, ఆమ్లం వాడిన చోటు నుంచి బయటకు వెళ్ళే విద్యార్థులను, సిబ్బందిని తనిఖీ చేయాలని అదే ఉత్తర్వులో ఉన్నది. ఇది మన విభాగాలకు నేరుగా వర్తించే విధి.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

ఆమ్లంతో కూడిన ఏ సిఫారసునైనా కరపత్రంలో అచ్చు వేసేటప్పుడు నాలుగు అంశాలు తెలుగులో తప్పక ఉండాలి: ఆమ్లం పూర్తి పేరు, గాఢత శాతం, ‘చర్మాన్ని, కంటిని కాలుస్తుంది, లోహాన్ని తింటుంది’ అన్న ప్రమాద వాక్యం, ప్రథమ చికిత్స. ‘తగు జాగ్రత్తలు తీసుకోవాలి’ అన్న వాక్యం ఏ జాగ్రత్తనూ చెప్పదు. అలాగే ఆమ్లాన్ని తాగునీటి సీసాలలోకి మార్చి పంపిణీ చేయడం, ఎంత చిన్న పరిమాణమైనా, మానుకోవాలి.

ప్రథమ చికిత్స క్రమం ఇది. తడిసిన బట్టలను వెంటనే తొలగించాలి. చర్మాన్ని, కంటిని ధారాళమైన నీటితో కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా కడగాలి. కన్ను కడిగేటప్పుడు రెప్పలు విప్పి పట్టుకోవాలి. చర్మం మీద సున్నం, సోడా రాయరాదు. తటస్థీకరణలో వెలువడే వేడి మరింత కాలుస్తుంది. మింగినవారికి నోరు పుక్కిలింపజేయాలి. వాంతి చేయించరాదు, ఎందుకంటే లోపలికి పోతూ కాల్చిన ఆమ్లం పైకి వస్తూ మళ్ళీ కాలుస్తుంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సీసాను గాని, లేబుల్‌ను గాని వెంట తీసుకువెళ్ళాలి. లేబుల్ లేకపోతే వైద్యునికి అందవలసిన మొదటి సమాచారమే అందదు.

పత్తి గింజల శుద్ధి గాని, డ్రిప్ చికిత్స గాని పొలంలో చేసి చూపే రోజున పని మొదలు పెట్టకముందే రెండు బకెట్ల నిండా శుభ్రమైన నీటిని చేతికందే దూరంలో ఉంచాలి. చేయి కాలిన వెంటనే అక్కరకు వచ్చేది ఆ నీరే.